రేకుల మీద వాన

చెరకు రైలు పట్టాల పక్కన, బడి వాళ్ళు పంపిన చీటీ చేత పట్టుకుని నిలబడిన వెంకటమ్మ దగ్గర మనం పోయిన వారం ఆగాం. ఆ చీటీ ఎందుకు వచ్చిందో ఒక్కసారి తలుచుకుని ముందుకు పోదాం.

బడి వదిలిన వేళ. లోకో కూత పెట్టుకుంటూ వచ్చింది. పిల్లలంతా పట్టాల మీంచి పక్కకి దూకారు. వెంకటమ్మ మనవరాలు, ఎనిమిదేళ్ళ మోహిని మాత్రం రెండు పట్టాల మధ్యా నిలబడి, కంచె మీద వాలిన గోరింకను చూస్తూ ఉండిపోయింది. ఆ ఒక్క నిమిషం వెంకటమ్మ కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటోంది. డ్రైవరు బ్రేకు వేస్తే ఇంజను పిల్లకి నాలుగు బారల దూరంలో ఆగింది. వరండాలో నిలబడ్డ హెడ్మాస్టరు రామ్ చంద్ర అదంతా కళ్ళారా చూశాడు.

ఐదేళ్ళుగా బడికీ ఊరికీ తెలియకుండా దాచుకొచ్చిన గుట్టు ఒక్క కూతతో బయటపడింది. మోహినికి చెవులు వినబడవు.

చీటీలో ఉన్నవి నాలుగే వరుసలు, హిందీలో. వెంకటమ్మ వాటిని కూడబలుక్కుని తానే చదువుకుంది. అరవై ఏళ్ళ వయసులో ఆమె తనంతట తాను చదివిన మొదటి ఉత్తరం అదే. బుధవారం పది గంటలకు రమ్మన్నారు. లంబాసా పట్నం నుంచి చదువుల ఆఫీసరు వస్తుందన్నారు. పాప ఈ బడిలో ఉండాలో వద్దో ఆ రోజు తేలుస్తామన్నారు. వెంకటమ్మ చీటీని నాలుగు మడతలు పెట్టి నడుముకు దోపుకుంది. కొడుకు గోవిందుకి, అంటే మోహిని తండ్రికి, చెప్పలేదు.

బుధవారం వచ్చింది.

నవంబరు నెల కాబట్టి చెరకు కోతలు చివరికొచ్చాయి. వాళ్ళ ఊరు వాయినికోరోలో కోసేసిన మడులు ఒకవైపు, కోతకు మిగిలిన చెరకు ఒకవైపు. మధ్యలో పట్టాలు ఎక్కడికో కలలోకి పోతున్నట్టు వాగు మీంచి లేచిన పొగమంచులోకి పోయి మాయమవుతున్నాయి. మోహిని ముందు నడుస్తోంది. రెండు జడలు, నీలం గౌను, వీపున సంచి. వెంకటమ్మ వెనక నడుస్తోంది.

ఒక్కోరోజు ఈ దారిలో వెంకటమ్మ ఎవరూ చూడకుండా తన చెవులు రెండూ అరచేతులతో గట్టిగా మూసుకునేది. పిల్ల ఉండే చోటికి తానూ ఒకసారి పోయి రావాలని ఆమె ఆశ. చెవులు మూసుకోగానే గోరింకలు ఊరికే నోళ్ళు తెరిచి మూసేవి. చెరకాకులు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిద్రలో ఉన్న మనుషుల్లా కదిలేవి. ఎదురొచ్చిన ఎద్దుబండి నీటి అడుగున పోతున్నట్టు మెల్లగా పోయేది. భయంగా ఏమీ ఉండేది కాదు. చాలా అందంగా ఉండేది. కానీ చేతులు తీయగానే లోకం మళ్ళీ చెవుల్లోకి వచ్చేసేది. పిల్ల చెవుల మీద అలా తీసేయడానికి చేతులు లేవు.

మోహిని వెనక్కి తిరిగి పిడికిలి ఎత్తింది. ఆగమని. ఒంగుని చెప్పులో ఇరుక్కున్న గడ్డిపరక తీసేసుకుంది. తర్వాత పిడికిలి మీద పిడికిలి పెట్టింది. ఇక పోదామని.

ఆ సైగలు వెంకటమ్మ పెనిమిటివి. ఆయన బతికినన్నాళ్ళూ మిల్లు లైను మీద జెండా పట్టుకుని లోకో ముందు నడిచే పని చేశాడు. ఇంజను పక్కన ఎంత అరిచినా మాట వినబడదు కనుక డ్రైవర్లకీ, చెరకు కొట్టే గ్యాంగుకీ, ఆయనకీ మధ్య అంతా చేతులతోనే నడిచేది. ఒక పిడికిలి ఎత్తితే ఆగు. పిడికిలి మీద పిడికిలి పెడితే పట్టాల మీది చెరకు ట్రక్కు నిండింది, బయల్దేరు. అరచేయి మెల్లగా కిందికి దించితే నెమ్మది. ఇంటికొచ్చాక కూడా ఆయన మంచినీళ్ళు చేత్తోనే అడిగేవాడు. నేనేమన్నా ఇంజనా అని ఆమె నవ్వేది. ఆయన పోయిన మరుసటి ఏడాది, మూడేళ్ళ మోహినికి తట్టు పోసింది. జ్వరం తగ్గేసరికి పిల్ల చెవులు మూసుకుపోయాయి. అప్పుడు ఆ సైగలు వెంకటమ్మ చేతుల్లోకి వాటంతటవే వచ్చాయి. వాటికి తోడు ఆకలికొకటి, వానకొకటి, అమ్మకొకటి కలిపింది.

ఇంట్లో ఈ సంగతి గోవిందుకీ, అతని పెళ్ళాం కాంతకీ తెలుసు. బడిలో చెప్పొద్దని వెంకటమ్మే కట్టడి చేసింది. పిల్లని వాగు దాటించాలన్న వంకతో రోజూ తానే బడికి తీసుకొచ్చి, వెనక బెంచీ మీద పిల్ల పక్కనే కూర్చునేది. టీచరు చెప్పేది చేత్తో పిల్లకి అందించేది. అక్షరం తెలియకపోతే అందించలేదు కనుక అక్షరాలూ నేర్చుకుంది. మొదటి ఏడు పిల్లతో పాటు క్లాసు వన్, ఇప్పుడు క్లాసు టూ. పిల్లలు ఆమెని క్లాసు టూ ఆజీ, అంటే క్లాసు టూ నాయనమ్మ, అని పిలిచేవారు. మాస్టర్లు నవ్వుకునేవారు. ముసలామెకి చదువు పిచ్చి పట్టిందనుకుని ఎవరూ ఏమీ అనలేదు.

ఆఫీసరు అప్పటికే వచ్చి కూర్చుంది. లితియా అని కాయివీతీ ఆవిడ, ఈ దీవుల సొంత జనంలో మనిషి, భారీ మనిషి, నెరిసిన జుట్టులో దేవగన్నేరు పువ్వు పెట్టుకుంది. లంబాసా వైపు పెరిగిన మనిషి కాబట్టి హిందీ మన వాళ్ళకంటే బాగా మాట్లాడుతుంది. బల్ల మీద నల్ల సంచి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని ఉంది. గోడ మీద స్వాతంత్ర్యంతో పాటు ఏడేళ్ళ కిందట కొత్తగా వచ్చిన జెండా, లేతనీలం రంగుది, ఎండకి ఇంకా లేతబడి వేలాడుతోంది. రామ్ చంద్ర కిటికీ దగ్గర నిలబడ్డాడు. క్లాసు టీచరు బసంతి నల్లబల్ల పక్కన సుద్దముక్క చేత్తో పట్టుకుని, ఏం చేయాలో తెలియనట్టు నిలబడింది. నలభై ఆరుమంది పిల్లలూ చూస్తున్నారు.

రామ్ చంద్ర మోహినిని ముందుకు రమ్మన్నాడు. ఆయన చెడ్డ మనిషి కాదు. గొంతు పెంచకుండా, మామూలుగా, ఆఫీసరుకి వినబడేలా అడిగాడు.

"నీ పేరు మోహినే కదా?"

మోహిని తల ఊపింది.

"నువ్వు ఐదో క్లాసు చదువుతున్నావు కదా?"

మోహిని తల ఊపింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"మీ నాన్న పేరు రామ్ లాల్ కదా?"

తల ఊపింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. రామ్ చంద్ర తనకే ఇష్టం లేని పని చేస్తున్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు.

"మీ ఆజీ చనిపోయింది కదా?"

మోహిని వెనక బెంచీ వైపు ఓసారి చూసి, ఆయన మొహంలోకి ముద్దుగా నవ్వుతూ, తల ఊపింది.

వెంకటమ్మకి అప్పుడు తెలిసింది, తన కొంగు కింద తన బొటనవేలూ చూపుడువేలూ కలిసి ఉన్నాయని. ఆ రెండు వేళ్ళూ కలిస్తే తల ఊపమని అర్థం. ఎవరైనా పెద్దవాళ్ళు పిల్లతో మాట్లాడుతుంటే ఆమె చేయి దానంతటదే ఆ పని చేసేది. ఈ రోజు కూడా ప్రశ్న పూర్తి కాకముందే చేసేసింది. తన చావుకి పిల్ల చేత అవుననిపించింది తన చేతే.

లితియా హెడ్మాస్టరు వైపు చూడలేదు, పిల్ల వైపూ చూడలేదు. వెంకటమ్మ కొంగు వైపు చూస్తోంది.

"మాస్టర్, మీ ప్రశ్నకి ఈ పిల్ల జవాబు చెప్పడం లేదు. ఆ కొంగు కింద చేయి చెప్పమన్నది చెబుతోంది."

క్లాసంతా వెనక్కి తిరిగింది. వెంకటమ్మ లేచి నిలబడింది. చేయి కొంగు బయటికి తీసి, చాపి, అందరికీ కనబడేలా పెట్టింది.

"తల ఊపడం నేనే నేర్పినాను మాస్టర్. ఎవరేం అడిగినా ఊపమన్నాను. ఊపితే ఎవరూ మళ్ళీ అడగరు. పిల్లకి తప్పు లేదు."

ఎందుకు అని లితియా అడిగింది. కోపంగా కాదు.

వినబడని పిల్లలకి సముద్రం అవతల రాజధాని సూవాలో బడి ఉందని, అక్కడే హాస్టలు ఉందని, ఎక్కడ తెలిస్తే అక్కణ్ణుంచి ఓడ ఎక్కించి తీసుకుపోతారని ఐదేళ్ళ కిందట ఎవరో అన్నారు. ఆ రాత్రి నుంచి వెంకటమ్మకి కలలో ఓడ ఒకటి వచ్చేది. పెద్దది, తెల్లది, చప్పుడు లేనిది. చెరకు తోటల మీంచి తేలుతూ వచ్చి వాకిట్లో ఆగేది.

"మా అమ్మ చెరకు కూలికని మద్రాసులో ఓడెక్కింది. పదారేళ్ళ పిల్ల. ఐదేళ్ళకి వచ్చేస్తానని వాళ్ళమ్మకి చెప్పి ఎక్కింది. ఇక్కడే ఆ కొండ పక్కన పూడ్చినాము. మా ఇంట్లో ఓడెక్కిన వాళ్ళెవరూ తిరిగి రాలేదు అమ్మా."

బసంతి కళ్ళు దించుకుంది. రామ్ చంద్ర కిటికీ దగ్గర్నుంచి వచ్చి వెంకటమ్మకి ఎదురుగా బెంచీ అంచున కూర్చున్నాడు. ఆయన గొంతు ఇప్పుడు వేరేగా ఉంది.

"ఆజీ, ఈ లోకో రోజుకి నాలుగుసార్లు పోతుంది. నువ్వు నాలుగుసార్లూ కుళాయి దగ్గరికి పోకుండా ఉండగలవా? ఆ రోజు నుంచి నాకు అన్నం దిగడం లేదు. కళ్ళు మూసుకుంటే నీలం గౌను కనబడుతోంది. సూవాలో ఇలాంటి పిల్లలకి చెప్పడానికే నేర్చుకున్న టీచర్లు ఉన్నారు. అక్కడ ఈ పిల్లకి చదువొస్తుంది. ఇక్కడ ఏమొచ్చింది? తల ఊపడం వచ్చింది."

అది నిజం. ఇన్నేళ్ళూ వెంకటమ్మ పిల్లని కాపాడుతున్నాననుకుంది. పిల్ల నోటికీ లోకానికీ మధ్య తానే అడ్డంగా కూర్చుందేమో. ఆమె మెల్లగా కూర్చుంది. మోహిని ముందు నిలబడి ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూపు తిప్పుతోంది. ఏదో జరిగిందని తెలుసు, ఏమిటో తెలియదు. ఊపడానికి తల సిద్ధంగా పెట్టుకుని ఉంది.

లితియా సంచి బకిల్ మీద పెట్టిన వేలు తీసేసి, పాఠం చెప్పమని బసంతితో అంది. తాను క్లాసు చూడాలి, చూడకుండా కాగితం రాయనంది. బసంతి నల్లబల్ల వైపు తిరిగింది. కూడికల పాఠం. ఇరవై ఏడు అని వేసింది, దాని కింద పదిహేను వేసింది.

అప్పుడు వాన వచ్చింది.

వాయినికోరోలో వాన చెప్పి రాదు. కొండ మీద ఒక బూడిద తెర కదిలినట్టు కనబడుతుంది, అంతలోనే నెత్తి మీద ఉంటుంది. బడి పైకప్పు రేకులు. మొదట నాలుగు గులకరాళ్ళు విసిరినట్టు, తర్వాత బస్తాలకొద్దీ గుమ్మరించినట్టు. బసంతి ఏదో అంటోంది, పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. రామ్ చంద్ర నోరు తెరిచాడు, మూశాడు. కిటికీల బయట చెరకు, పట్టాలు, కొండ అన్నీ నీళ్ళలో కరిగిపోయాయి. బడి ఒక్కటే మిగిలి ఎక్కడో సముద్రం మధ్య తేలుతున్నట్టుంది.

ఇంత వాన వస్తే పక్క క్లాసుల్లో పిల్లలని బల్లల మీద తల పెట్టుకుని పడుకోమంటారు. ఆ వాయినికోరో బడిలో ఏళ్ళ తరబడి అదే పద్ధతి. వాన తగ్గేదాకా చదువు లేదు.

క్లాసు టూలో ఒక్క తల కూడా వాలలేదు.

బసంతి సుద్దముక్క బల్ల మీద పెట్టింది. పిల్లల వైపు తిరిగి పిడికిలి మీద పిడికిలి పెట్టింది, రెండుసార్లు. ఆ తర్వాత ఏడు వేళ్ళు చూపించింది. నలభై ఆరుమంది పిల్లలూ పిడికిలి మీద పిడికిలి పెట్టారు, రెండుసార్లు. ఏడు వేళ్ళు చూపించారు. పదేసి గడల నిండు ట్రక్కులు రెండు, పైన ఏడు గడలు. బసంతి మళ్ళీ ఒక నిండు ట్రక్కు, ఐదు గడలు చూపించింది. పిల్లలు ఏడు వేళ్ళకీ ఐదు వేళ్ళకీ లెక్క కట్టుకున్నారు. పది గడలు పోగయ్యేసరికి గది నిండా పిడికిలి మీద పిడికిలి పడింది. ఇంకో ట్రక్కు నిండింది. మిగిలినవి రెండే వేళ్ళు.

నాలుగు నిండు ట్రక్కులు, రెండు గడలు. నలభై రెండు.

వెంకటమ్మ బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. ఆ సైగలు తనకీ పిల్లకీ మధ్యనే ఉన్నాయనుకుంది ఇన్నాళ్ళూ. ఎవరికీ కనబడకుండా కొంగు చాటున చేసింది. పిల్లలు చూశారు. ఆటల్లో మోహిని దగ్గర నేర్చుకున్నారు, ఒకరి నుంచి ఒకరికి పాకింది. పోయినేడు వానల్లోనో ఎప్పుడో బసంతి కూడా వాళ్ళ దగ్గర నేర్చుకుంది. వెంకటమ్మ ఎప్పుడూ పిల్ల మొహాన్నే చూస్తూ కూర్చుంది కనుక క్లాసులో ఏం జరుగుతోందో ఒక్కనాడూ తలెత్తి చూడలేదు. వానలో చప్పుడు లేకుండా కదులుతున్న నలభై ఆరు జతల చేతులు. అవన్నీ ఆయన చేతులే. లోకో ముందు జెండా చంకన పెట్టుకుని, ఎండలో, నవ్వుతూ చేసిన సైగలు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఈ గదిలోకి ఎప్పుడొచ్చాడో ఆమెకి తెలియదు.

మూడో వరసలో సుందర్ అనే పిల్లవాడికి లెక్క తప్పింది. ట్రక్కు నిండిందని తెలియక పన్నెండు వేళ్ళు చూపించాలని తంటాలు పడుతున్నాడు, పక్కవాడి వేళ్ళు అరువు తెచ్చుకుని మరీ. ముందు నిలబడి ఉన్న మోహిని అతని దగ్గరికి నడిచింది. ఎవరూ చెప్పలేదు. అరచేయి మెల్లగా కిందికి దించింది. నెమ్మది. అతని వేళ్ళు ఒక్కొక్కటే మడిచి, పది కాగానే అతని పిడికిలి మీద అతని పిడికిలే పెట్టింది. సుందర్ మొహం వెలిగింది.

లితియా లేచి వెళ్ళి సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద ఇంగ్లీషులో చిన్నచిన్న మాటలు రాసింది. వానలో మాట్లాడ్డానికి పెద్దవాళ్ళకి అదొక్కటే దారి. క్లాసు టూ చదివిన వెంకటమ్మకి అర్థమయ్యే మాటలే అవి. ఎన్నాళ్ళుగా ఇలా అని అడిగింది.

రెండు వానాకాలాలు, అని బసంతి రాసింది. దాని కింద మళ్ళీ రాసింది: నాకు మొదటి నెలలోనే తెలుసు. తీసుకుపోతారని చెప్పలేదు.

రామ్ చంద్ర సుద్ద అందుకున్నాడు. ఇది మంచిదే, కానీ రైలు? అని రాశాడు. ఆ 'రైలు' మాట కింద గట్టిగా గీత గీశాడు.

అప్పుడు వెంకటమ్మ లేచింది. పిల్లల మధ్య దారి చేసుకుని ముందుకి నడిచింది. రెండేళ్ళుగా పలక మీదే తప్ప నల్లబల్ల మీద ఆమె ఎప్పుడూ రాయలేదు. చేయి ఎత్తితే భుజం నొప్పి పుట్టింది. అక్షరాలు పెద్దవీ చిన్నవీ పడ్డాయి, ఒకటి కొండెక్కింది, ఒకటి వాగులో దిగింది. రైలు నేను చూస్తా. నాలుగుసార్లు. రోజూ.

రామ్ చంద్ర ఆ వరస చదివాడు. చేతిలో సుద్ద ఉంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ దాని పక్కన టిక్ పెట్టాడు. పెట్టాక గాని ఏం చేశాడో ఆయనకి తెలియలేదు. లితియా భారీ ఒళ్ళు కదిలేలా నవ్వింది. నవ్వు వినబడలేదు, కనబడింది.

ఆవిడ మోహిని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. తన గుండె మీద చేయి పెట్టుకుని, లెక్కల వైపు చూపించి, నీకు ఇది ఇష్టమా అన్నట్టు మొహం పెట్టింది. మోహిని తల ఊపలేదు. కనుబొమ్మలు రెండూ పైకెత్తి దించింది. కాయివీతీలు అవునని చెప్పేది అలాగే. వాగవతల కాయివీతీ పిల్లలతో ఆడుకుంటూ పట్టుకుందో ఏమో. తన సొంత మనుషుల సైగని మన పిల్ల మొహం మీద చూసి లితియా తన కనుబొమ్మలూ ఎత్తింది. ఇద్దరూ అలా ఎత్తుకుంటూ, దించుకుంటూ, ఎవరికీ వినబడని కబుర్లు చెప్పుకుంటున్నట్టు కాసేపు ఉండిపోయారు. వెంకటమ్మ కొంగు కింద ఏ వేలూ కదలలేదు.

వాన ఎలా వచ్చిందో అలాగే ఆగిపోయింది. చూరు నుంచి చుక్కలు పడుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది.

గుమ్మంలో గోవిందు ఉన్నాడు. గోనెసంచి నెత్తి మీద కప్పుకుని, ఒళ్ళంతా కారుతూ, మోకాళ్ళ దాకా బురదతో. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు.

"అమ్మా, నాకు చీటీ రాలేదనుకున్నావా?" అన్నాడు తెలుగులో. అతని తెలుగు తల్లితో తప్ప ఎవరితోనూ మాట్లాడని తెలుగు, బరువుగా, వెతుక్కుంటూ వచ్చేది. "పట్టాల మధ్య నా కూతురు నిలబడిందని నాకు లోకో డ్రైవరు చెప్పాలా? నువ్వు చెప్పకూడదా?"

వెంకటమ్మ ఏదో అనబోయింది. అతను చేయెత్తి ఆపాడు. పిడికిలి. అతనూ వాళ్ళ నాన్న కొడుకే.

"సోమవారం మాస్టర్ పిలిపించినారు. ఫారం మీద హమ్ సైన్ కర్ దియా, సంతకం పెట్టేసినాను. సూవా బడిలో ఏడాదికి ఒక్క సీటు. శనివారం ఓడ."

హెడ్మాస్టరు తల దించుకున్నాడు. బుధవారం తేలుస్తామన్న మాట సోమవారమే తేలిపోయిందన్నమాట. నల్లబల్ల మీద నాలుగుసార్లు రోజూ అన్న అక్షరాలూ, వాటి పక్కన టిక్కూ తడి గాలికి మెరుస్తున్నాయి.

గోవిందు గోనెసంచి తీసి గుమ్మం పక్కన పెట్టాడు. అతని మొహం వాన వల్లే తడిసిందో, కాదో. లోపల చేతులన్నీ ఆడుతుంటే తాను చూశానని, క్లాసంతా ఇలా మాట్లాడుతుందని తనకి తెలియదని, ఇంట్లో ఎవరూ తనకి చెప్పలేదని గొణిగాడు. సీటు వదిలేస్తే వేరే పిల్లకి పోతుంది, మళ్ళీ ఏడాదికి వస్తుందో రాదో. అక్కడ చదివితే రేపు బతుకు ఉంటుంది. ఇక్కడ క్లాసు టూ దాటాక, ఈ టీచరమ్మ లేకపోతే, అమ్మ లేకపోతే? ఏది తప్పో అతనికీ తెలియదు. సంతకం పెట్టిన దగ్గర్నుంచీ నిద్ర లేదన్నాడు.

"ఫారం ఇంకా నా సంచిలోనే ఉంది," అంది లితియా. "ఆఫీసుకి చేరే దాకా అది ఊరికే కాగితం. తండ్రి సంతకం చేశాడు, మాస్టర్ రాశారు, ఆజీ దాచింది. మీలో ఎవరైనా ఈ పిల్లని అడిగారా?"

ఎవరూ అడగలేదు.

అడగమని ఆవిడ బసంతి వైపు చూసింది. బసంతి చేతులు ఎత్తి ఆగిపోయింది. ఓడకి సైగ లేదు. నలభై ఆరుమందిలో ఎవరికీ తెలియదు. ఇన్ని సైగలు చేసిన వెంకటమ్మ ఆ ఒక్కటి కావాలనే చేయలేదు. దానికి పేరు లేకపోతే అది రాదనుకుంది.

ఇప్పుడు తానే చేయాలి. మోహినిని కూర్చోబెట్టి, తానూ ఎదురుగా నేల మీద కూర్చుంది. అరచేయి దోనెలా వంచి, రెండో చేతిని నీళ్ళలా చేసి, వాటి మీద మెల్లగా ఊపింది. దూరం అని చూపించింది. అక్కడ పిల్లలు, చాలామంది, అందరూ చేతులతో మాట్లాడేవాళ్ళు. టీచర్లు. పుస్తకాలు. నాన్న ఇక్కడ, అమ్మ ఇక్కడ, ఆజీ ఇక్కడ. రాత్రి నిద్ర అక్కడ. ఏదీ తగ్గించలేదు, ఏదీ దాచలేదు. కలలో చూసిన తెల్ల ఓడ ఇప్పుడు తన చేతుల్లోనే ఊగుతోంది. చివరికి పిల్ల వైపు చూపించి అరచేయి చాపింది. నువ్వు చెప్పు.

మోహిని అంతా చూసింది. కనురెప్ప వేయకుండా చూసింది. తర్వాత అలవాటుగా ఆమె కళ్ళు వెంకటమ్మ కొంగు దగ్గరికి పోయాయి. ఏ వేళ్ళు కలుస్తాయో చూడాలని.

వెంకటమ్మ తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. నేల తడిగా, చల్లగా ఉంది. మొహం కూడా పక్కకి తిప్పేసుకుంది, కళ్ళు ఏదైనా చెప్పేస్తాయేమోనని.

దూరంగా, మంచులో ఎక్కడో, లోకో కూసింది. పిల్లలంతా కిటికీ వైపు చూశారు. మోహిని చూడలేదు. ఆమె కుడి చేయి ఒళ్ళోంచి లేచింది. వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. బిగిసిన చిన్న పిడికిలి గుండె ఎదురుగా వచ్చి నిలిచింది.

ఒక పిడికిలి అంటే ఆగు. పిడికిలి మీద పిడికిలి అంటే బయల్దేరు. గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ సంగతి తెలుసు.

ఆమె ఎడమ చేయి ఇంకా ఒళ్ళోనే ఉంది. దాని వేళ్ళు మెల్లగా కదిలాయి.